బాణం బదులు మిరపకాయ: కస్టమ్ కర్సర్ల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరులో చిన్న వ్యాపారాలకు వెబ్‌సైట్లు చేసిపెట్టడం నా పని. మిర్చి కమిషన్ కొట్లు, విత్తనాల షాపులు, ఫంక్షన్ హాళ్లు, ఒకటి రెండు పచ్చళ్ల వ్యాపారాలు. సాయంత్రం పూట బ్రాడీపేటలోని మా గదికి ఇంజనీరింగ్ పిల్లలు నలుగురైదుగురు పని నేర్చుకోవడానికి వస్తారు. ఓనర్లు ఒకవైపు, పిల్లలు ఇంకోవైపు మౌస్‌తో స్క్రీన్ మీద కదిలే బాణం, అంటే కర్సర్ గురించి అడిగిందే అడుగుతున్నారు కాబట్టి జవాబులన్నీ ఒకచోట పెడుతున్నాను. కోడ్ మాటల్ని నోటితో చెప్పినట్టే తెలుగు అక్షరాల్లో రాశాను. ఎడిటర్‌లో మాత్రం ఇంగ్లిష్‌లోనే కొట్టాలి.

అసలు కర్సర్ మార్చడమంటే ఏం మారుస్తున్నట్టు?

రెండు దారులున్నాయి. మొదటిది సీఎస్ఎస్ దారి. సీఎస్ఎస్ అంటే పేజీ రూపం ఎలా ఉండాలో చెప్పే భాష. బాణం తీసి మన బొమ్మ పెట్టమని బ్రౌజర్‌కు చెబుతాం. అది ఆ బొమ్మను విండోస్‌కో, మ్యాక్‌కో అప్పగిస్తుంది. మౌస్ ఎప్పటిలాగే కదులుతుంది, క్లిక్ ఎప్పటిలాగే పడుతుంది. మారింది వేషం ఒక్కటే.

రెండోది జావాస్క్రిప్ట్ దారి. అంటే పేజీలో పనులు చేయించే ప్రోగ్రామింగ్ భాష. ఇందులో అసలు బాణాన్ని దాచేసి, పేజీలో ఒక బొమ్మ పెట్టి, మౌస్ ఎటు పోతే అటు దాన్ని పరిగెత్తిస్తాం. ఇది తోలుబొమ్మలాట లాంటిది. తెర వెనక పుల్ల ఆడించేది మనమే, చెయ్యి ఆలస్యమైతే ఆట చెడేదీ మనవల్లే.

ముందు మొదటి దారి చూడండి. నా దగ్గరికొచ్చే కోరికల్లో చాలావాటికి అదే సరిపోతుంది.

సొంత బొమ్మ అక్కర్లేదు, ఉన్నవాటిలోనే మార్చుకోవచ్చా?

హాయిగా. కర్సర్ అనే ప్రాపర్టీకి ఒక మాట ఇస్తే చాలు. పాయింటర్ అంటే వేలు చూపే చెయ్యి, టెక్స్ట్ అంటే నిలువు గీత, వెయిట్, హెల్ప్, మూవ్, క్రాస్‌హెయిర్. ఇవన్నీ 1998లో వచ్చిన సీఎస్ఎస్ 2 నుంచీ ఉన్నవే. గ్రాబ్, జూమ్-ఇన్, నాట్-అలౌడ్ లాంటివి తర్వాత చేరాయి. ఎవరిదో పాత కోడ్‌లో హ్యాండ్ అని కనిపిస్తే అది పాత ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ కాలం నాటి మాట. పాయింటర్ అని మార్చేయండి.

సొంత బొమ్మ పెట్టాలంటే ఏం రాయాలి?

ఒక్క లైనే. బాడీ సెలెక్టర్ (పేజీ మొత్తానికి వర్తించేది) లోపల కర్సర్ అని రాసి కోలన్ పెట్టండి. తర్వాత యూఆర్ఎల్ అని రాసి బ్రాకెట్లలో బొమ్మ ఫైలు దారి ఇవ్వండి. ఆ తర్వాత రెండు అంకెలు, మధ్యలో ఖాళీ. కామా. చివర ఆటో అనే మాట, సెమీకోలన్.

ఆ చివరి మాట వదిలేయకూడదు. బొమ్మ దొరక్కపోతే ఏం చూపించాలో చెప్పేది అదే. అది లేకపోతే బ్రౌజర్ మొత్తం లైన్నే తీసి పక్కన పడేస్తుంది, ఎర్రర్ అని కూడా అనదు. మా గదిలో "సార్, రావట్లేదు" అన్న మాట ఎక్కువసార్లు వినబడేది ఇక్కడే.

ఆ రెండు అంకెలు ఎందుకు? హాట్‌స్పాట్ అంటే ఏమిటి?

దీని మీద కొంచెం ఎక్కువసేపు కూర్చుంటాను, ఎందుకంటే నేను దెబ్బతిన్నది ఇక్కడే.

మీ బొమ్మ 32 పిక్సెళ్ల వెడల్పు, 32 పిక్సెళ్ల ఎత్తు ఉందనుకోండి. అందులో మొత్తం 1024 పిక్సెళ్లు. క్లిక్ మాత్రం వాటిలో ఒకే ఒక్క పిక్సెల్ కింద పడుతుంది. దాన్నే హాట్‌స్పాట్ అంటారు. ఆ పిక్సెల్ ఏదో చెప్పడానికే రెండు అంకెలు. గుంటూరు వాళ్లకు ఇది విడిగా చెప్పక్కర్లేదు. బ్రాడీపేట 4/14 అంటే 4వ లైను, 14వ అడ్డరోడ్డు అని ఆటో అతనికి కూడా తెలుసు. కర్సర్ అడ్రసూ అంతే. మొదటి అంకె ఎడమ అంచు నుంచి ఎంత లోపలికి, రెండో అంకె పై అంచు నుంచి ఎంత కిందికి. తేడా ఒక్కటే, ఇక్కడ లెక్క 1 నుంచి కాదు, 0 నుంచి. కాబట్టి 32 పిక్సెళ్ల బొమ్మలో చివరి అడ్రసు 31.

అంకెలు ఇవ్వకపోతే మామూలు పీఎన్‌జీ బొమ్మకు 0, 0 అని బ్రౌజరే అనుకుంటుంది, అంటే ఎడమ వైపు పై మూల. బాణానికి మొన అక్కడే ఉంటుంది కాబట్టి ఇబ్బంది రాదు. మిరపకాయ సంగతి వేరు.

ఒక కమిషన్ కొట్టు ఓనర్ గారు ఎర్ర మిరపకాయ కర్సర్ కావాలన్నారు. తొడిమ పై మూలలో, మొన కింద కుడి వైపు వచ్చేలా అందంగా గీసి పెట్టాను. అంకెలు మర్చిపోయాను. సైటులో మిర్చి రకాల పట్టిక ఉంది, పైన తేజ, దాని కింద బాడిగ, ఆ కింద 334. జనం మొనతో చూపిస్తారు కదా, నేనేమో తొడిమతో క్లిక్ చేయిస్తున్నాను. బాడిగ మీద మొన పెట్టి నొక్కితే తేజ వివరాలు తెరుచుకునేవి. రెండు రోజుల తర్వాత ఓనర్ గారు ఫోన్ చేసి, "బాబూ, మీ సైటుకు సరుకు తేడా తెలియట్లేదు" అన్నారు. 29, 30 అని రెండు అంకెలు చేర్చాక కుదురుకుంది.

అప్పటి నుంచి నా పద్ధతి, బొమ్మ గీసేటప్పుడే మొనను ఎడమ పై మూలకు తిప్పేస్తాను. అంకెలు మర్చిపోయినా నష్టం ఉండదు. పైగా జనానికి అలవాటైన బాణం అలాగే వాలి ఉంటుంది. మొదట్లో, 1960లలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ మౌస్ చేసిన రోజుల్లో బాణం నిటారుగా పైకి ఉండేది. జిరాక్స్ పార్క్ ల్యాబులో దాన్ని పక్కకు వాల్చారు. అప్పటి ముతక స్క్రీన్ల మీద వాలిన బాణమైతేనే తేటగా కనిపించేదట. స్క్రీన్లు మారాయి, వాలు మిగిలిపోయింది.

బొమ్మ ఎంత సైజు ఉండాలి?

32 బై 32. ఇంకేం ఆలోచించకండి. క్రోమ్, ఫైర్‌ఫాక్స్‌లలో 128 బై 128 దాటితే బొమ్మను అసలు పట్టించుకోవు. 32 కంటే పెద్దదై 128 లోపు ఉంటే ఇంకో చిక్కు ఉంది. క్రోమ్‌లో కర్సర్ అడ్రస్ బార్ దగ్గరికో, విండో అంచుకో వెళ్లి బొమ్మలో కొంత బయటికి పొడుచుకొస్తే వెంటనే మామూలు బాణమైపోతుంది. పిల్లలు దీన్ని బగ్ అనుకుంటారు. కాదు, కావాలని పెట్టిన కాపలా. పెద్ద కర్సర్ బొమ్మలో ఉత్తుత్తి బటన్లు గీసి, బ్రౌజర్ సొంత బటన్లను కప్పేసి జనాన్ని మోసం చేసేవాళ్లున్నారు.

ఫైలు పీఎన్‌జీ అయితే నయం, వెనక రంగు లేకుండా సేవ్ చేయండి. ఎస్‌వీజీ కూడా పనిచేస్తుంది, కాకపోతే ఫైలు లోపల వెడల్పు, ఎత్తు అంకెల్లో రాసి ఉండాలి. కర్సర్ల కోసమే ఉన్న కర్ ఫైలులో హాట్‌స్పాట్ లోపలే దాగి ఉంటుంది. జేపీజీ పెడితే మిరపకాయ చుట్టూ తెల్ల డబ్బా వస్తుంది, వద్దు.

అంతా కరెక్టుగానే రాశాను, అయినా బాణమే కనిపిస్తోంది. ఎందుకు?

ముందు చివర ఆటో ఉందో లేదో చూడండి. ఉంటే, ఫైలు దారి చూడండి. సీఎస్ఎస్ విడి ఫైలులో ఉంటే బొమ్మ దారిని ఆ సీఎస్ఎస్ ఫైలు ఉన్న చోటు నుంచి లెక్కపెట్టాలి, పేజీ ఉన్న చోటు నుంచి కాదు. అదీ సరిగ్గా ఉంటే ఫైలు పేరులో పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు చూడండి. మన విండోస్ ల్యాప్‌టాప్‌కు రెండూ ఒకటే. హోస్టింగ్ ఎక్కువగా లైనక్స్ సర్వర్ల మీద నడుస్తుంది, దానికి రెండూ వేరు. ఇంట్లో పనిచేసి ఆన్‌లైన్‌లో చేయలేదంటే నా మొదటి అనుమానం దీని మీదే. బొమ్మ మార్చినా పాతదే వస్తోందంటే అది క్యాష్, అంటే బ్రౌజర్ దాచుకున్న పాత కాపీ. ఫైలు పేరు చివర 2 అని చేర్చి అప్‌లోడ్ చేయండి.

బాడీకి పెట్టాను. లింకుల మీద మాత్రం చెయ్యి గుర్తే వస్తోంది, పేరా మీద నిలువు గీత పోయింది. ఇదేంటి?

కర్సర్ ప్రాపర్టీ తల్లి నుంచి పిల్లలకు వస్తుంది. కాబట్టి బాడీకి పెట్టిన మిరపకాయ పేరాలకు కూడా వచ్చి, అక్షరాల మీద కనిపించాల్సిన నిలువు గీతను తోసేసింది. లింకులకు, బటన్లకు, టైపు చేసే పెట్టెలకు బ్రౌజరే ముందుగా సొంత కర్సర్ పెట్టి ఉంచుతుంది, అందుకే వాటికి మీది అంటలేదు.

నా సలహా, టైపు చేసే పెట్టెల జోలికి వెళ్లకండి. లింకులకు, బటన్లకు వేరే బొమ్మ ఇవ్వండి, చివర ఆటో బదులు పాయింటర్ అని రాయండి. మామూలు చోట ఎర్ర మిరపకాయ, లింకు మీద పచ్చి మిరపకాయ ఇచ్చి చూశాను. నొక్కొచ్చు అని తెలియాలంటే రంగు మారడం చాలదు. చెయ్యి గుర్తులో ఉన్న వేలు ఆ మాట చెప్పినంత సూటిగా ఏ కూరగాయా చెప్పదు.

కదిలే జిఫ్ పెట్టొచ్చా?

పెట్టినా కదలదు, బ్రౌజర్లు కదిలే కర్సర్‌ను ఆడించవు. వెనకటికి విండోస్‌లో ఏఎన్ఐ అనే పొడిగింపుతో కదిలే కర్సర్ ఫైళ్లు ఉండేవి, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ వాటిని చూపించేది. 2007లో ఆ ఫైళ్లను విండోస్ చదివే తీరులో పెద్ద లోపం బయటపడింది. పేజీ తెరిస్తే చాలు, కంప్యూటర్ వేరేవాళ్ల చేతికి పోయే ప్రమాదం. నెలనెలా ఇచ్చే అప్‌డేట్ దాకా ఆగకుండా ఏప్రిల్ 3నే మైక్రోసాఫ్ట్ ప్యాచ్ విడుదల చేయాల్సి వచ్చింది. ఉచిత కర్సర్ల పేరుతో దొరికే ఫైళ్లను షాపు కంప్యూటర్‌లోకి దించొద్దని నేను ఇప్పటికీ అనేది అందుకే. కదలిక కావాలంటే జావాస్క్రిప్ట్ దారే.

జావాస్క్రిప్ట్‌తో ఎలా చేయాలి?

పేజీ చివర ఒక ఖాళీ డివ్ (పేజీలో ఒక పెట్టె) పెట్టండి. సీఎస్ఎస్‌లో దానికి పొజిషన్ ఫిక్స్‌డ్, పైన 0, ఎడమ 0, అన్నిటికీ పైన కనిపించేలా పెద్ద జెడ్-ఇండెక్స్, ఇంకా పాయింటర్-ఈవెంట్స్ నన్ ఇవ్వండి. ఈ చివరిది మర్చిపోయారంటే ప్రతి క్లిక్కూ మీ డివ్ మీదే పడుతుంది, కింద ఉన్న బటన్‌కు చేరదు. సైటు బిగుసుకుపోయిందని ఓనర్ ఫోన్ చేస్తారు.

తర్వాత స్క్రిప్టులో పాయింటర్‌మూవ్ ఈవెంట్ వినండి. అది వచ్చినప్పుడల్లా క్లయింట్‌ఎక్స్, క్లయింట్‌వై విలువలను రెండు వేరియబుల్స్‌లో దాచుకోండి, అంతకు మించి అక్కడ ఏమీ చేయకండి. బొమ్మను జరిపే పని రిక్వెస్ట్‌యానిమేషన్‌ఫ్రేమ్‌కు వదలండి. స్క్రీన్ తనను తాను గీసుకునే ప్రతిసారీ అది మన ఫంక్షన్‌ను ఒకసారి పిలుస్తుంది. మామూలు 60 హెర్ట్జ్ మానిటర్‌లో అంటే దాదాపు 16.7 మిల్లీసెకన్లకు ఒకసారి. అందులో డివ్‌కు ట్రాన్స్‌ఫామ్ ట్రాన్స్‌లేట్‌తో కొత్త చోటు ఇవ్వండి. మొన లెక్క ఇక్కడా ఉంది. మిరపకాయ మొన 29, 30 దగ్గరుంటే ఆ అంకెలు తీసేసి జరపాలి.

ఇక అసలు బాణాన్ని దాచడం. కర్సర్ నన్ అని బాడీకి ఒక్కదానికే ఇస్తే చాలదు, లింకులకూ పెట్టెలకూ సొంత కర్సర్ ఉంటుందని పైన చెప్పాను కదా. నక్షత్రం గుర్తుతో అన్నింటికీ ఇవ్వాలి. కానీ దాన్ని నేరుగా సీఎస్ఎస్‌లో రాసి ఊరుకోకండి. హెచ్‌టీఎంఎల్ ట్యాగ్‌కు ఒక క్లాస్ ఉన్నప్పుడే బాణం దాగేలా రాసి, మౌస్ మొదటిసారి కదిలాక స్క్రిప్టుతో ఆ క్లాస్ చేర్చండి. ఒక పెళ్లి పిలుపు సైటులో నేను ఈ జాగ్రత్త తీసుకోలేదు. స్క్రిప్టు బయటి సర్వర్ నుంచి వస్తోంది, ముహూర్తం వారంలోనే ఆ సర్వర్ పడిపోయింది. బాణం దాక్కుంది, బదులు రావాల్సిన తమలపాకు రాలేదు. చుట్టాలు మౌస్ పాడైందనుకుని బల్లకేసి కొట్టారట.

కర్సర్ వెనకబడి వస్తోంది, ముక్కుతూ కదులుతోంది. ఏం చేయాలి?

టాప్, లెఫ్ట్ విలువలు మారుస్తూ కదిలిస్తున్నారేమో చూడండి. అలా చేస్తే బ్రౌజర్ ప్రతిసారీ పేజీ అమరికను మళ్లీ లెక్కవేసుకుంటుంది. ట్రాన్స్‌ఫామ్‌కు ఆ బాధ లేదు. డివ్‌కు ట్రాన్సిషన్ పెట్టి ఉంటే తీసేయండి. రియాక్ట్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ వాడే పిల్లలు మౌస్ చోటును స్టేట్‌లో పెడుతున్నారు, కదిలిన ప్రతిసారీ కాంపోనెంట్ మళ్లీ రెండర్ అవుతుంది. రెఫ్‌లో పెట్టుకోండి.

పేజీ కిందికి జరిపితే కర్సర్ ఎక్కడికో పోతోందంటే, పొజిషన్ ఫిక్స్‌డ్ బదులు అబ్సొల్యూట్ పెట్టి ఉంటారు. ఫిక్స్‌డ్ పెట్టినా పోతోందంటే, ఆ డివ్ ట్రాన్స్‌ఫామ్ ఉన్న ఇంకో డబ్బా లోపల ఇరుక్కుంది. తీసుకెళ్లి నేరుగా బాడీ కింద పెట్టండి.

ఇంత చేసినా అసలు బాణం అంత చురుగ్గా రాదు. అసలు బాణాన్ని ఆపరేటింగ్ సిస్టం గీస్తుంది, మనది పేజీతో పాటు గీయబడాలి, కనీసం ఒక ఫ్రేమ్ (స్క్రీన్ ఒకసారి గీసుకునేంత సేపు) వెనక ఉంటుంది. దీనికి మందు లేదు.

మరి తోకలా వెంట వచ్చే చుక్కలు?

అక్కడ ఆలస్యమే అందం. బాణాన్ని దాచకుండా అలాగే ఉంచి, చుక్కను మాత్రం ప్రతి ఫ్రేమ్‌లో మిగిలిన దూరంలో ఆరో వంతు జరపండి. మెత్తగా వచ్చి ఆగుతుంది. 144 హెర్ట్జ్ మానిటర్ ఉన్నవాళ్లకు ఇదే చుక్క రెట్టింపు కంటే వేగంగా పరిగెడుతుంది కాబట్టి గడిచిన సమయంతో గుణించుకోవడం మర్చిపోకండి. కర్సర్ జోలికి వెళ్లక తప్పదంటే నేను మొదట చూపించేది ఇదే. బాణం ఉంది, సరదా ఉంది, స్క్రిప్టు ఆగిపోయినా ఎవరికీ తెలియదు.

మ్యాప్ మీదకు వెళ్లగానే మిరపకాయ ఆగిపోతోంది!

గూగుల్ మ్యాప్, యూట్యూబ్ వీడియో లాంటివి ఐఫ్రేమ్‌లో, అంటే మన పేజీ లోపల ఇంకో సైటును చూపించే చట్రంలో ఉంటాయి. అది ఇంకొకరి ఇల్లు. మౌస్ ఆ గడప దాటిందంటే కదలికల సంగతి మన పేజీకి చెప్పరు. అక్కడ వాళ్ల బాణం కనిపిస్తుంది, మన మిరపకాయ గడప దగ్గరే వేలాడుతుంది. మౌస్ ఐఫ్రేమ్ మీదకు వెళ్లినట్టు తెలియగానే మన డివ్‌ను కనబడకుండా చేయడమే మార్గం. మౌస్ బ్రౌజర్ విండో దాటి బయటికి వెళ్లినప్పుడూ ఇదే చేయాలి.

డైలాగ్ ట్యాగ్‌తో పాపప్ తెరిస్తే కర్సర్ దాని వెనక్కి పోవడం కూడా దాదాపు ఇలాంటిదే. షోమోడల్‌తో తెరిచిన పాపప్ అన్నిటికీ పైనున్న విడి అంతస్తులో కూర్చుంటుంది, జెడ్-ఇండెక్స్ ఎన్ని తొమ్మిదులు పెట్టినా అక్కడికి ఎక్కదు. పాపప్ తెరిచినంతసేపూ అసలు బాణాన్ని తిరిగి ఇచ్చేయండి.

ఫోన్‌లో ఎలా కనిపిస్తుంది?

కనిపించదు, వేలికి బాణం ఉండదు. మిర్చి యార్డు నుంచి ధర చూసుకునే రైతు ఫోన్‌లోనే చూస్తాడు, మీ మిరపకాయ అతనికి తెలియనే తెలియదు. డబ్బు పెట్టేముందు ఓనర్లకు నేను మొదట చెప్పే మాట ఇదే. కోడ్ పరంగా, హోవర్ హోవర్, పాయింటర్ ఫైన్ అనే రెండు షరతులున్న మీడియా క్వెరీ (మౌస్ ఉన్న పరికరంలోనే పనిచేయమని సీఎస్ఎస్‌కు చెప్పేది) లోపల అంతా పెట్టండి. లేకపోతే ఫోన్‌లో స్క్రీన్ మూల ఒక మిరపకాయ కదలకుండా పడి ఉంటుంది. స్క్రిప్టు కూడా మ్యాచ్‌మీడియాతో అదే అడిగి, మౌస్ లేకపోతే మొదలే కాకూడదు.

చూపు సరిగా లేనివాళ్లకు ఇబ్బందా?

ఇబ్బందే. ఒక కోల్డ్ స్టోరేజీలో లెక్కలు చూసే పెద్దాయన విండోస్ సెట్టింగుల్లో బాణాన్ని బాగా పెద్దది చేసి, నల్లగా పెట్టుకున్నారు. మన సైటు తెరవగానే ఆ ఏర్పాటంతా పోయి 32 పిక్సెళ్ల ముక్క మిగులుతుంది. సీఎస్ఎస్ బొమ్మ ఆయన సెట్టింగును పట్టించుకోదు. ఆయన కన్ను, ఆయన చెయ్యి, ఆయన బాణం. మనం అడక్కుండా మార్చాం. కనీసం ఆపుకునే బటన్ ఒకటి పైన పెట్టండి, ఎంచుకున్నది లోకల్ స్టోరేజ్‌లో గుర్తుపెట్టుకోండి. కదలికలు తగ్గించమని సిస్టంలో పెట్టుకున్నవాళ్లకు ప్రిఫర్స్-రిడ్యూస్డ్-మోషన్ చూసి తోకలు ఆపేయండి.

దేవుడి బొమ్మ, హీరో ఫొటో పెట్టొచ్చా?

దసరా ముందు విజయవాడ నుంచి ఒక పూజా సామగ్రి షాపు వాళ్లు దుర్గమ్మ బొమ్మ కర్సర్‌గా కావాలన్నారు. "అమ్మవారు డిలీట్ బటన్ మీద కూడా తిరగాలా అండీ?" అని అడిగాను. కాసేపు ఆలోచించి వద్దన్నారు. దీపం పెట్టాం. జ్వాల కొన హాట్‌స్పాట్, అడ్రసు 15, 2. మొన పైకి, మధ్యలో ఉన్న బొమ్మకు ఇలాంటి అంకెలే వస్తాయి.

హీరో ఫొటో సంగతి, 32 పిక్సెళ్లలో మీసం తప్ప ఏం కనిపించదు. పైగా అనుమతి కావాలి.

ఇంతకీ మా సైటుకు పెట్టించుకోమంటారా?

కొండపల్లి బొమ్మల షాపు, పిల్లల ఆటల పేజీ, పండగ ఆఫర్ పేజీ అయితే పెట్టించండి, చూడముచ్చటగా ఉంటుంది. ధరల పట్టిక, అప్లికేషన్ ఫారం, డబ్బు కట్టే పేజీ అయితే నేను చేయను. అక్కడికి వచ్చినవాడు పని మీద వచ్చాడు.

నచ్చకపోతే తీసేయడం ఎంత పని?

అన్నీ ఒకే క్లాస్ కింద రాసి ఉంటే నిమిషం. హెచ్‌టీఎంఎల్ ట్యాగ్‌కు ఆ క్లాస్ తగిలించే లైను, స్క్రిప్టును పిలిచే లైను తీసేయండి, బాణం తిరిగొస్తుంది. ప్రతి బటన్‌కు విడివిడిగా రాసి ఉంటే ఒక పూట వెతుక్కోవాలి. కమిషన్ కొట్టు ఓనర్ గారు ఒక సీజన్ చూసి, ధరల పేజీలో తీసేయమన్నారు. మా గురించి అనే పేజీలో మాత్రం ఉంచమన్నారు, మనవరాలికి ఇష్టమట. అక్కడ ఆ పాత మిరపకాయే తిరుగుతోంది, మొన 29, 30 దగ్గర.